తులసమ్మ పేజీకి కొత్త టెంప్లేటు

ఆదివారం పొద్దున సుబ్బరామయ్య పెట్టుకున్న పని ఒక్కటే. భార్య తులసమ్మ వంటల బ్లాగు తొందరగా తెరుచుకునేలా చేయాలి. వచ్చే గురువారానికి ఆమె పోయి ఏడాది. ఆ రోజు నలుగురైనా ఆ పేజీ చూడాలని, నలుగురైనా ఆమె పేరెత్తాలని ఆయన కోరిక. బాధపడతాడేమోనని ఊళ్లో ఎవరూ ఆయన ముందు ఆ పేరు పలకడం లేదు.

ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర ఆయనకు ఫోటో స్టూడియో ఉంది. ఆమె వండేది, ఆయన ఫోటో తీసి, చేసే విధానం కింద రాసి బ్లాగులో పెట్టేవాడు. కెమెరా అంటే ఆమెకు సిగ్గు. అందుకని ఏ ఫోటో చూసినా గిన్నె, గరిటె, గాజుల చేతులు మాత్రమే ఉంటాయి.

పేజీకి పట్టిన జబ్బేమిటో ఆదోనిలో ఉన్న మరదలి కూతురు లహరి ఫోన్లో తేల్చింది.

"పెద్దనాయనా, నీ పేజీ తెరుసుకునే లోపల ఉగ్గాని సల్లారిపోతాది. ఒక్కో ఫోటో పెండ్లి ఆల్బమంత పెట్టినావు."

"చిన్నది చేస్తే గాజుల మీద పూలు కనపడవు కదమ్మా."

"ఆ పూలు ఎవురు సూస్తారు?"

"నేను చూస్తానమ్మా."

"సరేలే," అంది లహరి గొంతు తగ్గించి. "ఫోటోలు కుదించే సైట్లు ఊరికే దొరుకుతాయి. సగానికి తగ్గించినా కంటికి తేడా తెలీదు. పేజీకి తొడిగే టెంప్లేటు కూడా తేలికైంది ఎయ్యి. అవీ ఊరికే ఇస్తారు, తెలుగులోనే ఉండాయి."

సుబ్బరామయ్య వెతికాడు. ఫోటోలు కుదించాడు. అన్నం గిన్నె బొమ్మ ఉన్న టెంప్లేటు ఒకటి ఎంచుకున్నాడు. అది పేరు, ఊరు, ఫోన్ నంబరు అడిగితే ఇచ్చాడు. పైన ఒక మాట రాసుకోమంటే, "గురువారం పొద్దున మా ఇంటి దగ్గర. అందరూ రావాలి" అని రాశాడు. ఏం రోజో రాయడానికి చెయ్యి రాలేదు. చుట్టాలకు ఎలాగూ తెలుసుననుకున్నాడు.

స్టూడియోలోని పెద్ద తెర మీద చూసుకుంటే పేజీ చిటికెలో తెరుచుకుంది. గాజుల మీద పూలు కూడా కనిపించాయి. తృప్తిగా లింకును చుట్టాలకు, స్టూడియో ఖాతాదారులకు పంపాడు. ఫోన్లో చూసి ఫోటో మంచిచెడ్డలు చెప్పేవాణ్ణి ఆయన ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. అందువల్ల తన పేజీని కూడా ఫోన్లో చూడలేదు.

ఆ టెంప్లేటు హోటళ్ల కోసం చేసింది. పెద్ద తెర మీద ఒద్దికగా ఉండి, ఫోన్లో మాత్రం అసలు రూపం చూపించింది. పైన ఎర్రపట్టీ, అందులో "త్వరలో ప్రారంభం". కింద పచ్చ బటన్, అందులో "ఇప్పుడే కాల్ చేయండి". రెంటికీ నడుమ సుబ్బరామయ్య రాసిన మాట.

సోమవారం తెల్లవారగానే ఫోన్ మోగింది.

"సార్, తులసమ్మ అంటే మీదేనా?"

ఆ పేరు వేరొకరి గొంతులో వినగానే ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఔనప్పా. మాదే."

"గురువారం ఇంటిల్లిపాదీ వస్తాం. ఉగ్గాని ఉంటాదా?"

"ఉంటాదప్పా. అది లేకుండా ఎట్లా?"

ఆ రోజంతా ఫోన్ మోగుతూనే ఉంది. ఈమెను ఇంతమంది ఎరుగుదురా అని ఆయన ఆశ్చర్యపోయాడు. సాయంత్రం, ఎవరో పంపిన లింకు చూసి ఆదోని బొరుగుల వ్యాపారి గఫూర్ సాబ్ ఫోన్ చేశాడు.

"అన్నా, ఉగ్గానికి బొరుగులు ఎన్ని మూటలు పంపాల?"

"మీకెందుకు సాబ్ శ్రమ?"

"మొదటిసారి నా తరఫున ఊరికే. తులసమ్మ పేరు పదికాలాలు నిలబడాల."

"ఆ మాట చాలు సాబ్."

"మాట కాదన్నా, ముందు ముందు రోజూ మూటలు లేస్తాయి సూడు!"

ఇది మాత్రం ఆయనకు అర్థం కాలేదు. పెద్ద మనసున్నవాళ్లు అలాగే మాట్లాడతారని సర్దుకున్నాడు.

తర్వాత ఆలూరు నుంచి సామ్సన్ అనే వంట మాస్టరు ఫోన్ చేశాడు. "సార్, మిరపకాయ బజ్జీ యేసేదాంట్లో నన్ను మించినోడు లేడు. పొయ్యి కాడ నిలబడతా. పని నచ్చితే ఉండమనండి."

"ఉండప్పా, తప్పకుండా ఉండు. భోంచేసి పోదువు."

గురువారం పొద్దున్నే సామ్సన్ బాణలితో దిగాడు. బొరుగుల మూటలు దిగాయి. ఎవరో గేటుకు మామిడాకులు కట్టారు, ఇంకెవరో బెలూన్లు కట్టారు. వీధిలో ఆటోలు నిలిచాయి. లహరితో కలిసి వచ్చిన మరదలు హులిగమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది.

"బావా! మా అక్క ఏడాది నాడు బుడగలు కడతావా? ఆయమ్మ పేరు మీద హోటలు పెడతాండావంట!"

"హోటలా? ఎవరు చెప్పినారమ్మా?"

"నీ పేజీనే సెప్తాంది. సూడు!"

ఆమె ఫోన్ ముందుకు పెట్టింది. ఆయన ఎర్రపట్టీ చదివాడు. మళ్లీ చదివాడు.

"నేను టెంప్లేటు మాత్రమే మార్చినాను," అన్నాడు.

అంతలో గఫూర్ సాబ్ కొత్త కత్తెర పట్టుకుని వచ్చాడు. "అన్నా, రిబ్బను యాడ కట్టాల? మేడంను పిలవండి. ఆమె చేతనే కత్తిరిద్దాం."

లహరి లోపలికి చూపించింది. గోడకు ఆనించిన పటంలో ఉగ్గాని గిన్నె, గాజుల చేతులు. ముందు దీపం.

గఫూర్ సాబ్ కత్తెర జేబులో పెట్టుకున్నాడు. "మాఫ్ చెయ్యన్నా. మాకు తెలీదు."

సామ్సన్ పొయ్యి ఆర్పబోయాడు.

"ఆర్పొద్దప్పా," అన్నాడు సుబ్బరామయ్య. "వచ్చినోళ్లు ఆకలితో ఉండారు. ఊరికే పంపితే ఆమె ఒప్పుకోదు."

చాపలు పరిచారు. సుబ్బరామయ్యే వడ్డించాడు. కోపంగానే కూర్చున్న హులిగమ్మ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని సామ్సన్ వైపు తిరిగింది.

"ఇదేం ఉగ్గానప్పా? ఇంత నిమ్మకాయ పిండితే నాలిక ఏమైతాది? మా తులసక్క సెయ్యి వేరే."

"ఎట్లా సేస్తాదమ్మా తులసమ్మ?" అని అడిగాడు గఫూర్ సాబ్.

హులిగమ్మ చెప్పసాగింది. బొరుగులు ఎంతసేపు నానాలో, పుట్నాల పొడిలో ఏం కలపాలో, చిన్నప్పుడు అక్క తనను గరిటెతో ఎందుకు కొట్టిందో కూడా చెప్పింది. తులసమ్మను ఎన్నడూ చూడనివాళ్లు, తులసమ్మ చేసేదే సరైన పద్ధతా కాదా అని వాదనకు దిగారు. వరండా ఈ కొసనుంచి ఆ కొసకు ఆ పేరే వినిపించింది. సుబ్బరామయ్య బకెట్టు పట్టుకుని, అడగనివాళ్లకు కూడా మారు వడ్డించాడు.

మరుసటి రోజు పేజీ కింద ఒక అభిప్రాయం వచ్చింది. తొందరగా తిని వెళ్లిపోయినవారెవరో రాశారు: "ఉగ్గాని పరవాలేదు. బజ్జీ బాగుంది. వడ్డించేటప్పుడు ఓనరు ఏడుస్తాండాడు. అది మానుకుంటే హోటలు బాగా నడుస్తాది."

సుబ్బరామయ్య దాని కింద, "మీ సూచనకు ధన్యవాదాలు. ప్రయత్నిస్తాను" అని రాశాడు.