కరెంటు బండిలో పెళ్లికొడుకు

మంగళవారం పొద్దున శంకర్రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ధర్మాబాద్‌లో రైలెక్కాలి. నాందేడ్‌లో దిగి, పూర్ణా రోడ్డులో పాత కార్లమ్మే అమోల్ దగ్గర ఒక డీజిల్ జీపు కొనాలి. దాన్ని నడుపుకుంటూ భోజనాల వేళకు ఇల్లు చేరాలి. జీపు పాతదైనా ఫరవాలేదు, రంగు పోయినా ఫరవాలేదు, దారి మధ్యలో ఆగకపోతే చాలు. ఆ ఒక్కటీ ఆయనకు ప్రాణంతో సమానం.

దానికి కారణం ఉంది. మూడేళ్ల కిందట అక్క చంద్రభాగ పెద్దకొడుకు పెళ్లయింది. పెళ్లికొడుకును మండపానికి తేవడం మేనమామ మాన్, అంటే ఆయనకు దక్కే మర్యాద. శంకర్రావు అప్పటి జీపు ముద్ఖేడ్ రైల్వే గేటు దగ్గర పొగలు కక్కి కూలబడింది. చివరికి చంద్రభాగ మరిది కిషన్‌రావు వచ్చి, బాసింగం కట్టిన పెళ్లికొడుకును మోటారు సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. ముహూర్తం దాటిపోయింది. పెళ్లి అయితే అయింది గానీ, ఆనాటి నుంచి అక్క తమ్ముడితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఎదురుగా ఉన్నా పక్కవాళ్లతో చెప్పించేది.

ఇప్పుడు చిన్నకొడుకు నిలేశ్ పెళ్లి. పత్రిక ఇవ్వడానికి వచ్చినప్పుడు కూడా ఆమె తమ్ముడి మొహం చూడలేదు. ఆయన కూతురు కోమల్‌ను చూస్తూ మాట్లాడింది.

"మీ బాపుకు చెప్పు బిడ్డా. మేనమామ మాన్ ఈసారి సుత ఆయనకే ఇస్తున్న. గురువారం, పన్నెండు ఇరవై ఒకటికి ముహూర్తం. ఈసారి గిట్ల ఆలస్యమైందనుకో, నాకొక తమ్ముడున్నడన్న మాటే మర్చిపోత."

రెండు బారల దూరంలో నిలబడి అంతా విన్న శంకర్రావుకు కోమల్ ఆ మాటలన్నీ మళ్లీ అప్పజెప్పింది. పద్ధతి పద్ధతే కదా.

అమోల్‌ది తెలంగాణ సరిహద్దున ఉన్న బిలోలి దిక్కు. మరాఠీలో అమ్మి, తెలుగులో నమ్మించే రకం. జీపు కావాలనగానే వాడు జాలిగా నవ్వాడు.

"జీపా? జీపులు ఊరి నిండ ఉన్నయి కాకా. ఇట్ల రా."

రేకుల షెడ్డు మూలకు తీసుకుపోయి, ఒక పెద్ద గుడ్డ పట్టి లాగాడు. కింద నల్లటి కారు. ఎత్తుగా, నున్నగా, నూనె రాసిన ఎనుబోతులా మెరుస్తోంది.

"గిది కరెంటు బండి. కొత్తగున్నప్పుడు కోటి రూపాయల పైన. కంపెనీవాళ్లు ఈ మోడల్ బంద్ పెట్టిన్రు. అందుకే గీ ధరకు దొర్కుతున్నది. నాందేడ్ జిల్లాల ఇసుంటిది రెండోది చూపియ్, నా పేరు మార్చుకుంట."

"ఎందుకు బంద్ పెట్టిన్రు?"

"అందరి దగ్గర ఉండొద్దని."

ఈ జవాబు శంకర్రావుకు ఎంత నచ్చిందంటే, దాని వెనక ఇంకే ప్రశ్నా అడగాలనిపించలేదు. అడగాల్సింది మాత్రం ఒకటి మిగిలింది.

"మరి తొవ్వల ఆగదు గద?"

"ఇంజనే లేదు కాకా. ఆగనీకె ఏమున్నది?"

హైవేకు పోయిన రెండెకరాల తాలూకు పైసలు బ్యాంకులో ఉన్నాయి. పొలం పోయి రోడ్డయింది, రోడ్డు మీదికి కారొస్తే న్యాయమే అనుకున్నాడు శంకర్రావు. సాయంత్రం ఇంటి ముందు చప్పుడు లేకుండా వచ్చి ఆగిన ఆ బండిని చూసి ఆయన భార్య రుక్మాబాయి సంతోషించింది. ధర చెప్పగానే మాత్రం అరుగు మీద చతికిలబడిపోయింది. అక్కడి నుంచే ఒక్క మాట అన్నది.

"జీపు తెస్తనని పోయి పొలం తెచ్చినవ్ గదయ్యా."

గురువారం పొద్దున ఏడింటికి బయలుదేరితే, బండి ఎక్కడా గుక్క తిప్పుకోకుండా తొమ్మిదిన్నరకు నాందేడ్‌లో ఉంది. ముద్ఖేడ్ గేటు దగ్గర శంకర్రావు గుండె కాస్త ఆగిందేమో గానీ, బండి ఆగలేదు. పదకొండు గంటలకు పెళ్లికొడుకు నిలేశ్‌ను మారుతి గుడికి తెచ్చి మొక్కించాడు. అక్కడి నుంచి మంగళ కార్యాలయం, అంటే పెళ్లి జరిగే హాలు, అయిదు వందల అడుగులు. గంటా ఇరవై నిమిషాల టైముంది. ఇంత నిశ్చింతగా ఆయన తన పెళ్లిలో కూడా లేడు.

గుడి ముందే రుక్మాబాయి బండికి పూజ మొదలుపెట్టింది. ట్రాక్టరైతే రెండు లైట్లకు పసుపు కుంకుమ పెట్టి, టైరు కింద నిమ్మకాయ ఉంచితే సరిపోతుంది. ఈ బండికి ముందు పక్కంతా కళ్లే. బంపర్ మీద గుండ్రటి బిళ్లలు ఆరు, కంపెనీ గుర్తు కింద ఒక అద్దం, పైన అద్దంలోంచి తొంగిచూస్తూ ఇంకొకటి. బండి లోపలి యంత్రానికి లోకం కనిపించేది వాటి గుండానే. ఆ సంగతి రుక్మాబాయికి ఎవరూ చెప్పలేదు, శంకర్రావుకు తెలియదు, అమోల్‌కు తెలిసినా చెప్పే రకం కాదు. ఆ ఇల్లాలు ఒక్క కన్నును కూడా చిన్నచూపు చూడలేదు. ఒక్కోదానికి తడి పసుపు మెత్తి, దాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ అద్దింది. పైనుంచి బంతిపూల దండ రెండు పేటలు వేలాడదీసింది.

బ్యాండు మోగింది. బండి కదిలింది. పది అడుగులు పోయి, ఎవరో తల మీద కొట్టినట్టు టక్కున ఆగిపోయింది. నిలేశ్ బాసింగం ముందు సీటుకు గుద్దుకుంది. లోపలి నుంచి ఒకావిడ గొంతు ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

"ఏమంటున్నది?" అన్నాడు శంకర్రావు.

"ముందల ఏదో అడ్డమున్నదంటున్నది బాపు," అన్నది పక్కన కూర్చున్న కోమల్.

ముందు ఖాళీ రోడ్డు తప్ప ఏమీ లేదు. శంకర్రావు దిగ్భ్రమతో దాన్నే చూస్తుండగా అసలు చిక్కు వచ్చిపడింది. ఆ ప్రాంతపు బ్యాండువాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. పెళ్లికొడుకు బండి నడుస్తుంటే నడక పాట వాయించాలి, ఆగితే ఆట పాట వాయించాలి. బండి ఆగింది గనుక వాళ్లు ఆట పాట ఎత్తుకున్నారు. ఆట పాట వినపడగానే నిలేశ్ దోస్తులు ఇరవై మంది బండి ముందుకు దూకి ఎగరడం మొదలుపెట్టారు. ఇప్పుడు నిజంగానే అడ్డం వచ్చింది. ముందు మనిషి ఉన్నంతసేపు బండి కదలదు, బండి కదలనంతసేపు మనుషులు జరగరు.

శంకర్రావు హారన్ కొట్టాడు. హారన్ తాళానికి వాళ్లు ఇంకా బాగా ఎగిరారు.

పావుగంట పోరాడి కోమల్ వాళ్లను పక్కకు జరిపింది. బండి ముప్పై అడుగులు నడిచి మళ్లీ ఆగింది, ఆవిడ మళ్లీ అడ్డమన్నది, బ్యాండు మళ్లీ ఆట పాట ఎత్తుకుంది. శంకర్రావు మేనత్త జనాబాయి కర్ర పొడుచుకుంటూ వచ్చి బండిని ఎగాదిగా చూసింది.

"దిష్టిరా శంకరా. కోటి రూపాయల బండంటే కన్ను పడదా? మీ ఆడోళ్లు కుంకుమ పెట్టిన్రా, పిసినారితనం చేసిన్రా?"

కుంకుమ పొట్లం మొత్తం విప్పి, ఉన్న బొట్లన్నిటినీ కలిపి ఒకే బొట్టు చేసింది. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు బంపర్ మీద చిలకరించింది. నీళ్లకు కుంకుమ చక్కగా పట్టుకుంది. ఇక బండి ఒక్క అడుగు కూడా వేయలేదు. మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టయింది శంకర్రావు పని.

అమోల్‌కు ఫోన్ చేశాడు.

"బండి ఆగదు అన్నవు గదరా."

"ఆగలేదు కాకా, ఆలోచన చేస్తున్నది. జరంత ఓపిక పట్టు."

"దీన్ని తెలిసినోడు ఎవరన్న ఉన్నడా?"

"పుణేల ఒకాయన ఉండె. మోడల్ బంద్ అయినంక ఆయన సుత బంద్ పెట్టిండు. ఇప్పుడు ద్రాక్షతోట చేస్తున్నడంట."

శంకర్రావు ఫోన్ పెట్టేశాడు. టైము పన్నెండు అయిదు. గుడి నుంచి వాళ్లు వచ్చింది నలభై అడుగులు. ఆ నలభై అడుగుల్లో అక్క మొహం ఆయనకు నాలుగు వందల సార్లు కనిపించింది. అంతలో కిషన్‌రావు మోటారు సైకిల్ మీద నెమ్మదిగా వచ్చి, కిటికీ పక్కన కాలు ఆనించి నిలబడ్డాడు. తొందరేమీ లేదు ఆయనకు.

"బావా, మంచిగున్నవా? నా బండిల పెట్రోల్ నిండ ఉన్నది. పోరన్ని పంపుతవా?"

"అద్దు," అన్నాడు శంకర్రావు.

"మామా, నేను దిగి నడుస్త తియ్," అన్నాడు నిలేశ్ వెనక నుంచి. పాపం, వాడికి మామంటే ప్రేమే.

పసుపు పూసుకున్న పెళ్లికొడుకు మేనమామ కారు దిగి ఎండలో నడిచిపోతే, ఇక మిగిలే మాన్ ఏముంటుంది? శంకర్రావుకు ఏడుపొచ్చింది. కిషన్‌రావు ముందు ఏడవడానికి మనసొప్పలేదు. కనీసం ఆ మనిషి కంటికి దూరంగా పోదామని, బండిని వెనక్కి పోయే గేరులో వేసి కాలు నొక్కాడు.

బండి వెన్నలా వెనక్కి జారింది.

శంకర్రావు ఉలిక్కిపడి బ్రేకు వేశాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ జారింది. ఎదుటి తెర మీద వెనక రోడ్డంతా అద్దంలా కనిపిస్తోంది. కనపడక ఏం చేస్తుంది? లోకంలో బండి వెనక భాగానికి పూజ చేసినవాళ్లు ఎవరున్నారు?

"బాపు, గీ గల్లీ తిరిగి కార్యాలయం ఎనుక గేటుకు పోతది," అన్నది కోమల్. "పొద్దుగాల కూరగాయల టెంపో అట్లనే పోయింది. నేను చూసిన."

ముందుకు నడపడంలో శంకర్రావు అంతంత మాత్రమే గానీ, వెనక్కి నడపడంలో ధర్మాబాద్ మార్కెట్ యార్డు మొత్తానికి ఆయనకు సాటి లేదు. సోయాబీన్ నింపిన ట్రాలీని రెండు లారీల మధ్య సందులోకి వెనక్కి దూర్చడం ముప్పై ఏళ్లుగా ఆయన చేస్తున్న పని. మెడ తిప్పి, ఒక చేయి సీటు మీద వేసి, ఒక్క తిప్పు తిప్పాడు. బండి గల్లీలోకి దూరింది. బండి నడుస్తోంది గనుక బ్యాండువాళ్లు నడక పాటకు మారి వెంట పడ్డారు. దోస్తులకు పెళ్లికొడుకు మొహం ఎదురుగానే ఉంది గనుక వాళ్లు దాన్ని చూస్తూ ఎగురుతూ వచ్చారు. కిషన్‌రావు మోటారు సైకిల్‌కు వాళ్ల మధ్య సందు దొరకలేదు.

కార్యాలయం ముందు గేటు దగ్గర పెళ్లికూతురి తండ్రి వెంకట్రాములు పూలదండ పట్టుకుని, ఆయన భార్య హారతి పళ్లెం పట్టుకుని, రెండు వందల మందితో రోడ్డు వంక చూస్తున్నారు. బ్యాండు చప్పుడు మాత్రం వాళ్ల వీపు వెనక నుంచి వినపడింది. అందరూ హాలు దాటి, వంటలు చేస్తున్న చోటికి పరుగెత్తారు. అక్కడ అన్నం గుండిగలకూ జిలేబీ మూకుడుకూ మధ్య ఒక నల్లటి కారు వెనక నుంచి ప్రవేశిస్తోంది. మూకుడుకు జానెడు దూరంలో అది తనంతట తానే ఆగింది. వంటమనిషి జల్లిగరిటె ఎత్తిపట్టుకుని అలాగే ఉండిపోయాడు. టైము పన్నెండు పదహారు.

వెంకట్రాములు మొహం ఎర్రబడింది.

"గిదేంది? మేము ముందట హారతి పట్టుకొని నిలబడితే, పెండ్లికొడుకు వంటల కాడికి ఉల్టా అచ్చుడేంది? మమ్ముల గింత చులకనగ చూస్తున్నరా?"

బ్యాండు ఆగిపోయింది. శంకర్రావు దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. టైముకు తెచ్చాడు గానీ, ఇప్పుడు ఏకంగా సంబంధమే చెడగొట్టేట్టున్నాడు. కిషన్‌రావు గుంపు తోసుకుని ముందుకొచ్చి, చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

గుంపులోంచి చంద్రభాగ బయటికి వచ్చింది. కారు వెనక భాగాన్ని చూసింది, గుండిగలను చూసింది, చెమటలు కారుతున్న తమ్ముణ్ని చూసింది. కొంగు నడుముకు దోపుకుంది.

"మా పుట్టింటోళ్ల రివాజు గంతే బావా," అన్నది వెంకట్రాములుతో, ఎక్కడా తడబడకుండా. "పెండ్లికొడుకు మొదలు అన్నం కాడికి అచ్చి మొక్కాలె, అటెనుక మండపం ఎక్కాలె. వెంబడి అచ్చినోళ్లకు వీపు చూపియ్యొద్దు, గందుకే బండి ఎనుకకు తేవాలె. మా తాత కాలంకెల్లి ఇట్లనే. ఎడ్లబండిని ఎనుకకు నడిపిచ్చేటోళ్లు మరి."

వెంకట్రాములు చేతిలోని దండ సవరించుకున్నాడు.

"మాకు తెల్వకపాయె వదినె. ముందుగాల చెప్తే హారతి ఇటే తెచ్చేటోళ్లం గద," అని భార్యను పిలిచాడు.

ఆ రోజు శంకర్రావుకు తగిలిన దెబ్బలన్నిటిలోకీ అదే పెద్దది. వాళ్ల పుట్టింట్లో అలాంటి రివాజు లేదు. ఎద్దు వెనక్కి నడవదు. అన్నిటికీ మించి, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అక్క అబద్ధమాడటం ఆయన వినలేదు. జనం హారతి చుట్టూ మూగాక ఆమె దగ్గరికొచ్చింది.

"పొద్దటి సంది చాయ్ సుత తాగలేదంట. పో, నీళ్లు తాగు. మొఖం చూడు ఎట్ల ఎండిపోయిందో."

మూడేళ్ల అలవాటు కొద్దీ శంకర్రావు కోమల్ వైపు చూశాడు. కోమల్ నవ్వింది గానీ, మాట అప్పజెప్పలేదు.

"అట్లనే అక్కా," అన్నాడు శంకర్రావు. ఇంకేదో అనబోతే కన్నీళ్లు అడ్డొచ్చాయి.

అక్షింతలు సరిగ్గా పన్నెండు ఇరవై ఒకటికి పడ్డాయి. సాయంత్రం వంటవాళ్లు గుండిగలు తోముతూ, మసి అంటిందని కారు మీద కూడా నాలుగు బిందెల నీళ్లు గుమ్మరించారు. తిరుగు ప్రయాణంలో బండి ధర్మాబాద్ దాకా ముందుకే నడిచింది. జనాబాయి దిష్టి తీసిన మహిమని అందరూ ఒప్పుకున్నారు.

నెల తిరక్కముందే కిషన్‌రావు కొడుకు పెళ్లయింది. ఆ పెళ్లికొడుకు కూడా రివాజు ప్రకారం వెనక గేటు నుంచి, వంటల మీదుగా, వెనక్కే వచ్చాడు. కిషన్‌రావు అద్దెకు తెచ్చిన కారు ముందుకు కూడా బాగానే నడుస్తుంది.