ట్రాక్టరు స్నానం

వాన పడేలోపు అక్క చేను దున్నిపెట్టాలని ఆ పొద్దున ఆయన అనుకున్నాడు. బావగారు పోయాక అక్కకు ఆ చేనే ఆధారం. అదును తప్పితే ఏడాదంతా చేతులు ముడుచుకోవాల్సిందే. దేవుడికి దండం పెట్టుకుని, తండ్రినాటి పాత ట్రాక్టరును తలారా కడిగాడు. కడగకుండా దాన్ని బయటికి తియ్యడం ఆయన ఎరగడు. దాని మెరుపు చూసి దారిన పోయేవాళ్లు ఆగేవారు. తర్వాత గేరుబాక్సు నూనె చూద్దామని కొలత కడ్డీ పైకి తీశాడు. తేనెరంగులో ఉండాల్సిన నూనె పాలు పోసిన టీలా ఉంది.

"నీళ్లు కలిశాయి. మీ తమ్ముడి పనే. పోయిన వారం తీసుకెళ్లి వాగులో దింపుంటాడు" అన్నాడు భార్యతో.

వాడు వాగు వైపే పోలేదని ఆవిడ చెబుతూనే ఉంది, ఆయన ఫోను కలిపేశాడు. బావమరిది అలిగాడు. అలుగుతూనే నూనె డబ్బాలతో దిగాడు.

"నేను దింపలేదు బావా. కానీ నీ బండి ఆగితే మీ అక్కగారి చేను ఆగుద్ది" అన్నాడు.

ఇద్దరూ పాత నూనె దించి కొత్తది పోశారు. మబ్బు కమ్ముకొస్తోందని అక్క ఫోన్ చేసింది. అయినా నూనె మరకలతో బండి తియ్యడానికి ఆయనకు మనసొప్పలేదు. మళ్లీ పైపు పట్టాడు. కడిగి, వాకిట్లో కాసేపు తిప్పి చూస్తే మళ్లీ టీ.

ఆయన బావమరిది వైపు చూశాడు. బావమరిది ఆకాశం వైపు చూశాడు.

భార్య పైపు అందుకుని గేరు రాడ్డు మొదట్లో సన్నగా ధార వదిలింది. నీళ్లు నిలవలేదు, గుటగుటా లోపలికి దిగిపోయాయి.

"ఇక్కడ రబ్బరు తొడుగు ఉండాలి కదండీ?"

"చిరిగి అసహ్యంగా ఉందని పోయిన నెల నేనే పీకేశా."

"మా తమ్ముడు బండిని వాగులో దింపలేదు. మీరే వాగుని బండిలోకి దింపారు."

ఇంత ప్రేమగా చూసుకున్నదాన్ని నేనే పాడుచేశానా అని ఆయన మనసులో దేవుణ్ణి అడిగాడు. భార్య సైకిల్ ట్యూబు ముక్క కోసి, జాడీ మూతికి గుడ్డ కట్టినట్టు రాడ్డు చుట్టూ బిగించి కట్టింది. ఎంత ఒడుపు అనుకున్నాడాయన. బావమరిది పాడైన నూనె దించి, ఇంకో డబ్బా మూత తీశాడు.

"రెండెందుకు తెచ్చావురా?"

"నీ సంగతి తెలుసు కదా బావా."

చేను పూర్తయ్యేసరికి వాన దిగింది. తిరుగుదారిలో బావమరిది బండి నడిపాడు. ఆయన పక్కన కూర్చుని, దారి పొడుగునా గొడుగు గేరు రాడ్డుకు పట్టాడు.

ఆ రోజు మూడో స్నానం ఆయనకే అయింది.