తాల్‌షోన్ సరస్సులో లేని రొయ్య

స్వీడన్‌లో మనిషి మాటకు సాక్ష్యం కావాలి గానీ నీటి మాటకు అక్కర్లేదు. తాల్‌షోన్ సరస్సులో ఒక సీసాడు నీళ్లు ముంచి జన్యు పరీక్ష చేస్తే, అందులో పరాయి రొయ్య డీఎన్‌ఏ ఉందని తేలింది. జలజీవుల కార్యాలయం ఆ పూటే రొయ్యల వేటను నిషేధించింది.

రేవు యజమానురాలు గున్వోర్ బతికేది ఆ వేట మీదే. ఆ సరస్సులో ఉన్నది పీతకాళ్ల నాటు రొయ్య. చుట్టుపక్కల ఇంకెక్కడా మిగల్లేదు. పరాయిది తనకేమీ చేయని తెగులును మోసుకొచ్చి నాటుదాన్ని ఊడ్చిపెట్టేస్తుంది. ఆమె రొయ్యలు పట్టే బుట్టలు వేసి సరస్సంతా గాలించింది. పరాయి రొయ్య ఒక్కటీ పడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నీళ్లు ముంచడానికి ముందురోజు ఆ కార్యాలయం వాళ్లే ఆమె రేవులో అక్కడి ఆనవాయితీ ప్రకారం ఆగస్టు రొయ్యల విందు చేసుకున్నారు (నెత్తిన కాగితపు టోపీలతో; పాడిన పాటల ప్రస్తావన నివేదికలో లేదు). తిన్నవి అంగట్లో చవగ్గా కొన్న పరాయి రొయ్యలు.

"తోర్కెల్ బాబూ, ఆ రొయ్యల గిన్నె నా రేవులోనే కడిగావు కదయ్యా! పొద్దున్నే సీసా ముంచిందీ అక్కడేనాయె!"

తనిఖీ అధికారి తోర్కెల్ తల గోక్కున్నాడు. "కడిగానమ్మా, కాదనను. కానీ ఉడికిన రొయ్యకి రూల్ లేదు. బతికున్న పరాయిదాన్ని సరస్సులోంచి పట్టి చంపితేనే నిషేధం ఎత్తేస్తాం."

"లేనిదాన్ని ఎలా పట్టేది?"

"దొరక్కపోతే దాక్కున్నట్టు లెక్క."

"దాక్కోడానికి అదేమన్నా మీ ఆఫీసరా?"

కార్యాలయం దీర్ఘంగా ఆలోచించి దారి కనిపెట్టింది. ఒక పరాయి రొయ్యను తెచ్చి సరస్సులో వదిలి, వెంటనే పట్టేస్తారు. ప్రాణంతో ఉన్న పరాయి రొయ్యను తేవడం నేరం గనుక, కార్యాలయం తనకు తానే అనుమతి ఇచ్చుకుంది.

"వద్దు నాయనా! తెగులంటుకుంటే నా రొయ్యలన్నీ పోతాయి!"

"అంతా మీ కోసమే కదమ్మా. కాసేపు ఓపిక పట్టండి."

ఆమె అభ్యంతరం గడువు దాటాక అందినట్టు నమోదైంది (గడువు ఆ ఉదయమే మొదలై ఆ ఉదయమే ముగిసింది). రొయ్యను బుట్టలో పెట్టి దించారు, పైకి తీశారు, చప్పట్లు కొట్టారు, చంపారు. నిషేధం ఎత్తివేతకు కాగితాలు పైకి వెళ్లాయి.

కాగితాలు కిందికి దిగేసరికి మళ్లీ వేసవి వచ్చింది. అప్పటికే నాటు రొయ్యలు ఒడ్డు పొడుగునా వెల్లకిలా పడి ఉన్నాయి. గున్వోర్ రేవు మీద కూర్చుని ఏడ్చింది. ఆ వారమే ఉత్తరం అందింది: "తాల్‌షోన్‌లో కాపాడవలసిన రొయ్య ఏదీ లేనందున, మీరు కోరిన విధంగా వేటకు అనుమతి ఇవ్వడమైనది."