ఎర్రదిబ్బ కాలనీకి గడి అక్షరాలు

నిప్పు, చక్రం తర్వాత మానవజాతి కనిపెట్టినవాటిలో అంతటి గొప్పది గడి అక్షరమేనని జిల్లా అక్షర ఏకరూపతా విభాగం తీర్మానించింది. గడి అక్షరమంటే పాత వీడియో గేముల్లో స్కోరు చూపించే తరహా రాత: నలుచదరపు గడులు పేర్చి, లావుగా, మొరటుగా కట్టిన అక్షరం. స్వాగత తోరణాలకూ, సంతాప ఫ్లెక్సీలకూ, కరువు సహాయానికీ ఇక ఇదే వాడాలని ఉత్తర్వు. అందులోనే ఇంకో చిన్న మాట: వంపులు నిషేధం. (తెలుగు అక్షరాల్లోంచి వంపులు తీసేస్తే ఏం మిగులుతుందని విభాగంలో ఎవరూ అడగలేదు. అడిగే పోస్టు ఖాళీగా ఉంది.)

బుక్కరాయసముద్రం అవతల ఎర్రదిబ్బ కాలనీలో బోర్డులు రాసే ఖాజాకు ఈ సంగతి నీళ్ల ద్వారా తెలిసింది. అంటే, నీళ్లు రాకపోవడం ద్వారా. కరువు సహాయం ట్యాంకర్ డ్రైవర్ ఇమ్మానుయేల్ కొత్త ఉత్తర్వు ప్రకారం ముందుగా కాలనీ పేరు బోర్డును ఫోనుతో ఫొటో తీశాడు, యాప్ ఒప్పుకోలేదు, నిండు ట్యాంకర్ వెనక్కి పోయింది. ఆ బోర్డు ఖాజా ఇరవై ఏళ్ల కింద రాసింది. చివరి 'బ్బ'ను కుంచె ఎత్తకుండా ఒక్క ఊపున తిప్పాడని నలుగురూ మెచ్చుకున్న రాత. ఇప్పుడు ఆ నలుగురే ఖాళీ బిందెలతో అతని గుమ్మం ముందు నిలబడ్డారు.

ఖాజా ఆ రోజే స్కేలు పెట్టి తిరగరాశాడు. అక్షర పరిశీలకుడు జయచంద్ర జీపులో వచ్చి, టేపుతో కొలిచి, 'బ్బ' పొట్ట దగ్గర అరంగుళం గుండ్రదనం పట్టుకున్నాడు. చెయ్యి అలవాటు సార్ అని ఖాజా చెప్పుకుంటే, ఆ చేతికి షోకాజ్ నోటీసు ఇచ్చాడు. (ఎడమ చేత్తో అందుకోవాలి.)

మూడో వారానికి కాలనీలో బట్టలుతకడం మానేశారు. నలభై ఏళ్లుగా వాకిట్లో ముగ్గులేస్తున్న మారెక్క ఆ నోటీసును అటూ ఇటూ తిప్పి చూసి, కొంగు దోపింది.

"ఏమప్పా ఖాజా, గడులకింత ఏడుపా? పదారు చుక్కలు, పదారు వరసలు. నేను చూపిచ్చిన గడి నింపు. నీ చేతికి సొంత తెలివి వద్దు."

"అట్ల రాస్తే మన కాలనీ పేరని ఎవురికి తెలుస్తాదక్కా?"

"మనం యాడుండామో మనకు తెల్సు. తెలియాల్సింది ఆ ఫోనుకు."

ఆమె బోర్డు మీద సున్నంతో చుక్కలు పెట్టింది, అతను నల్లరంగు నింపాడు. తయారైన బోర్డును కాలనీలో చదువుకున్నవాళ్లెవరూ చదవలేకపోయారు. జయచంద్ర కూడా చదవలేకపోయాడు గనక, నిబంధనల ప్రకారమే ఉందని సంతకం చేశాడు.

మర్నాడు పొద్దున ట్యాంకర్ వచ్చింది. బోర్డును చూసి ఫోను పచ్చగా వెలిగింది. బిందెలు వరసలో చేరాయి, ఇమ్మానుయేల్ పైపు దించాడు. నీళ్లు వదిలే ముందు కాలనీ తరఫున ఒకరు ఫోను మీద వేలిముద్ర వేయాలట. వరసలో ముందున్న మారెక్క బొటనవేలు కొంగుకు తుడుచుకుని ఒత్తింది.

ఫోను చాలాసేపు ఆలోచించింది. తెర మీద పడింది చదివి, ఇమ్మానుయేల్ ఆమె మొహం చూడకుండా చెప్పాడు.

"నీ వేలిముద్రలో వంపులుండాయంటక్కా. చెల్లదంట."

ట్యాంకర్ నిండుగానే మళ్లింది. సాయంత్రానికి విభాగం నివేదిక రాసుకుంది: ఎర్రదిబ్బ కాలనీలో బోర్డు నిబంధనల ప్రకారమే ఉంది, మనుషులే నిబంధనల ప్రకారం లేరు.