కర్రెన్న ఆస్పత్రి కట్ట

ఒక పెద్ద అడవిలో పులిదొరగారికి ఓ కలప డిపో ఉండేది. అక్కడ దుంగలు లాగే దున్నపోతు కర్రెన్న మీదికి ఒకనాడు మద్దిదుంగ దొర్లింది. తుంటి కీలు తప్పింది. వానలు వెళ్లేదాకా బరువు లాగరాదన్నాడు ఎలుగు డాక్టరు.

మరి అన్నాళ్లూ పెళ్లాం, మూడు దూడలూ ఏం తినాలి? కర్రెన్న పంచాయితీకెళ్లి నష్టపరిహారం అడిగాడు. అడిగాడు, అంతే! అదే అతను చేసిన మహాపాపం.

ముందు వరసలో కూర్చున్న పులిదొర తరఫున నక్క వకీలు లేచింది. "ఆ తుంటి నొప్పి పాతదో కొత్తదో ఎవరికెరుక? వీడు పుట్టిన నాటినుంచీ ఉన్న ఆస్పత్రి కాగితాలన్నీ ఇక్కడ చదవాల్సిందే!"

"తుంటి సంగతి చదవండి బాబూ, కాదన్ను. మిగతావెందుకు? అది నా ఇంటి గుట్టు గదా!" అన్నాడు కర్రెన్న.

"పరిహారం కావాల్సినవాడికి గుట్టెందుకోయ్? ఒప్పుకుంటూ గిట్టముద్ర వెయ్యి. లేదా ఇంటికి పో," అంది నక్క.

న్యాయాధిపతి కొంగగారు కళ్లు మూసుకుని జపంలో ఉన్నారు. దొరగారి చెరువు నుంచి రోజూ చేపలబుట్ట అందుతుంటే జపం బాగానే కుదురుతుంది. "ఒక్క కాగితం కూడా వదలకుండా చదవండి," అన్నారు.

దూడల ముఖాలు గుర్తొచ్చి కర్రెన్న ముద్ర వేశాడు.

గుమాస్తా గాడిద గొంతు సవరించుకుంది. చిన్ననాటి గజ్జి చదివింది. నులిపురుగులు చదివింది. తొలిచూలు దూడ పోయినప్పుడు మూడు నెలలు మేత ముట్టక, మతి చెదిరి, చెట్లతో మాట్లాడేవాడని కూడా చదివింది. కోతులు పడీ పడీ నవ్వాయి. చెట్ల సంగతి కర్రెన్న పెళ్లానికి కూడా చెప్పుకోలేదు. సిగ్గుతో చచ్చి తల నేలకేశాడు.

"చూశారా, పిచ్చివాడు! తనే దుంగ కింద దూరి ఉంటాడు," అంది నక్క.

గాడిద ఆగలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు మరి. పులిదొర పీనాసితనం పుణ్యమా అని, డిపోవాళ్లందరి కాగితాలూ, దొరగారివి కూడా, ఆయన నడిపే ఆస్పత్రిలో ఒకే కట్టగా కడతారు. ఒక్కొక్కరికి ఒక్కో కట్టంటే నార దండగట! గాడిద తరువాతి కాగితం తీసి ఓండ్రపెట్టింది: "పులిదొరగారు. పళ్లన్నీ ఊడినవి. గోళ్లు పట్టు తప్పినవి. రెండేళ్లుగా గంజే ఆధారం. విషయం బయటికి పొక్కరాదు."

అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. ఇన్నాళ్లూ ఈ బోసినోటికా భయపడి చచ్చింది!

కొంగగారి కళ్లు ఠక్కున తెరుచుకున్నాయి. "హవ్వ! రోగి గుట్టు పవిత్రం! ఇకమీదట ఎవరి ఆస్పత్రి కాగితమూ ఎవరూ చదవరాదు. ఇదే శాసనం!" ఊపిరైనా తీసుకోకుండా, "తుంటి కాగితం కూడా చదవరాదు గనుక దెబ్బ తగిలినట్టు సాక్ష్యం లేదు. కేసు కొట్టేశాం," అన్నారు.

థూ, ఏం తీర్పు! కర్రెన్నకి ఒళ్లు మండిపోయింది. కుంటుకుంటూ పులిదొర ఎదుటికెళ్లి కొమ్ములు వంచాడు. అతని వెనకాల డిపో దున్నలన్నీ వచ్చి నిలబడ్డాయి.

"దొరా, వానలు వెళ్లేదాకా మా ఇంటికి మేత పంపిస్తారా, లేదా?"

పులిదొర గర్జించబోయాడు. నోరు తెరిస్తే చిగుళ్లు కనబడతాయని గభాల్న మూసుకున్నాడు. సాయంత్రానికల్లా మేతబండి కర్రెన్న వాకిట్లో ఉంది.

నీతి కావాలా? రాసుకోండి: రోగం కూలివాడిదైతే సాక్ష్యం, దొరగారిదైతే రహస్యం.