ఎగరని విమానానికి నా జేజేలు

విమానమన్నాక ఎగిరి తీరాలని ఎవరు చెప్పారండీ?

నా దృష్టిలో ప్రపంచంలోకెల్లా గొప్ప విమానం మా ఊరి ఎయిర్‌పోర్టులో కంచె పక్కనే ఉంది. ఇంజన్లకు ఎర్ర గుడ్డ తొడుగులు వేసుకుని, ఎండలో మెరుస్తూ నిలబడి ఉంటుంది. మా బాల్కనీలో కుర్చీ వేసుకుంటే దాని తోక కనిపిస్తుంది. సరికొత్తది. వచ్చి ఏడాది దాటింది. ఇంతవరకూ ఒక్క ప్రయాణికుణ్ణి కూడా ఎక్కించుకోలేదు.

కాబట్టే ఇంతవరకూ ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు! ఎవరి పెట్టే పోలేదు. ఏ పసిబిడ్డా చెవి పోటని ఏడవలేదు. ఇంత మచ్చలేని విమానం ఇంకొకటి ఉంటే చూపించండి, నేను రాయడం మానేస్తాను.

ఈ మేలంతా పైలట్ల ఒప్పందం చలవ. ఆ ఒప్పందం మీద ఈమధ్య ప్రతివాడూ నోరు పారేసుకుంటున్నాడు. అది అడ్డుపడటం వల్లే కొత్త విమానాలు రావడం లేదట. రాకపోతే ఏమైందయ్యా? వచ్చినవి మాత్రం మనల్ని ఏం ఉద్ధరించాయి?

సంగతి తెలియనివాళ్ళకు నాలుగు ముక్కల్లో చెబుతాను. పెద్ద విమానాల కంపెనీ ఒకటుంది. దానికో పిల్ల కంపెనీ ఉంది. రెండింటి విమానాలకూ ఒకటే రంగు, ఒకటే టికెట్టు, ఎక్కేటప్పుడు ఒకటే చిరునవ్వు. జీతాలు మాత్రం వేరు. అదే ఆకాశంలో నడిపినందుకు పిల్ల కంపెనీ పైలట్‌కి సగమే ఇస్తారు. ఇలాగే వదిలేస్తే పనంతా మెల్లగా అటు జారిపోతుందని పెద్ద కంపెనీ పైలట్లకు భయం పట్టుకుంది. అందుకని కంపెనీతో చేసుకున్న ఒప్పందంలో ఒక గీత గీయించారు. పిల్ల కంపెనీ విమానం ఇంత బరువు దాటకూడదు, ఇన్ని సీట్లు మించకూడదు. అంతే.

కొత్త విమానం సీట్ల దగ్గర బుద్ధిగానే ఉంది కానీ బరువు దగ్గర గీత దాటింది. దానికి తక్కువ ఇంధనం తాగే ఇంజన్లు పెట్టారు, అవేమో లావుగా ఉంటాయట. తిండి తగ్గించాక ఒళ్ళు చేసిన ప్రాణి నాకు తెలిసి ఇదొక్కటే.

బరువెక్కువ కాబట్టి పిల్ల కంపెనీ వాళ్ళు నడపకూడదు. అంత చిన్న విమానానికి జీతమెంతో తమ ఒప్పందంలో లేదు కాబట్టి పెద్ద కంపెనీ వాళ్ళు నడపరు. మరి కొనడం ఎలా కొన్నారని అడుగుతారు మీరు. ఒప్పందం ఎలాగూ మారుతుందిలే అనుకుని ముందే ఆర్డర్ ఇచ్చేశారు. కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టించి, ఇప్పుడు మనిషిని సన్నబడమంటున్నారన్నమాట! వచ్చింది ఒక్కటి. మిగతా ఆర్డరంతా ఫ్యాక్టరీలోనే ఆగిపోయింది.

ఈలోగా మా ఊరికి పాత విమానమే తిరుగుతోంది. గీత దాటకుండా దాంట్లో కొన్ని సీట్లు పీకేసి, ఆ ఖాళీలో కూల్‌డ్రింకులు దాచే బీరువా పెట్టారు. మొన్న నాకు ఆ బీరువా పక్క సీటు దొరికింది. ఎంత మంచి తోటి ప్రయాణికుడండీ! మోచేత్తో పొడవదు. గురక పెట్టదు. మీ అబ్బాయికి జీతమెంత అని అడగదు. సీటు దొరకనివాళ్ళు రోజంతా బస్సులో వెళ్ళారనుకోండి, వాళ్ళకు దారిపొడవునా చెట్లూ చేమలూ చూసే భాగ్యం కలిగింది.

ఉపాధి సంగతి కూడా చెప్పాలి. ఆ కొత్త విమానం దగ్గరకు ఒక మెకానిక్ తరచూ వస్తాడు. తొడుగులు విప్పుతాడు, ఇంజన్లు తిప్పుతాడు, చక్రాలు ఒకే చోట నొక్కుకుపోకుండా కాస్త జరుపుతాడు, మళ్ళీ తొడుగులు కడతాడు. ఒకసారి కంచె దగ్గర పలకరించాను.

"ఎగిరేదాంతో ఇంత చాకిరీ ఉండదండీ," అన్నాడతను. "ఊరికే ఉంచాలంటేనే ప్రాణం పోతోంది."

చూశారా? ఎగిరితే ఆయనకు పని తగ్గిపోతుంది. అది మనకు ఇష్టమా?

ఇక మా ఇంటికి జరిగిన మేలు. మా వియ్యంకుడు పెద్ద కంపెనీలో సీనియర్ కెప్టెన్. ఒప్పందం మాట్లాడే కమిటీలో పెద్ద తలకాయ. ఆయన కొడుకు, అంటే మా అల్లుడు, పిల్ల కంపెనీలో కో-పైలట్. అర్థమైంది కదా? తండ్రి గీసిన గీత సరిగ్గా కొడుకు ముక్కు ముందుకొచ్చి ఆగింది.

మా అల్లుడు కొత్త విమానం మీద ట్రైనింగ్ కూడా పూర్తి చేశాడు. అది ఎగిరిన రోజున కెప్టెన్ని చేసి ఈ ఊరికే వేస్తామన్నారు. అప్పటిదాకా ఎక్కడో దూరాన ఇంకో ఊళ్ళో ఉద్యోగం. మా అమ్మాయీ మనవరాలూ మా దగ్గర. సెలవు దొరికి, పాత విమానంలో సీటు దొరికితే వస్తాడు. సెలవు దొరికినా సీటు దొరకదు. బీరువాకు మాత్రం ఎప్పుడూ దొరుకుతుంది.

మా మనవరాలికి ఆ తోక చూపించి 'నాన్న విమానం' అని ఎవరో చెప్పారు. పొద్దున లేవగానే బాల్కనీలోకి వెళ్ళి దానికి టాటా చెబుతుంది. ఎగిరే విమానమైతే ఎప్పుడో కంటికి కనిపించకుండా పోయేది. ఇదైతే రోజూ అక్కడే ఉంటుంది. పిల్లలకు ఇంత నమ్మకమైన నాన్న ఎక్కడ దొరుకుతాడు?

ఒక ఆదివారం తండ్రీకొడుకులు మా ఇంట్లో ఒకే టేబుల్ దగ్గర భోజనానికి కూర్చున్నారు. ఒకరితో ఒకరికి మాటల్లేవు. ఉప్పు కావాలన్నా నన్నే అడుగుతున్నారు. నేను కంట్రోల్ టవర్‌లో కూర్చున్నవాడిలా అటు గిన్నె ఇటు, ఇటు గరిటె అటు పంపిస్తున్నాను. ఢీకొనకుండా చూడటం నా డ్యూటీ. చూడలేకపోయాను.

"ఆ బరువు కాస్త సడలిస్తే మీకేం పోతుంది నాన్నా?" అనేశాడు అల్లుడు.

"ఇవాళ బరువంటారు. రేపు సీట్లంటారు. ఎల్లుండి నా విమానమే నీ చేతికిచ్చి సగం జీతానికి నడపమంటారు. నడపనంటావా?"

"మీ విమానం నాకెందుకు? నా ఇంటికి నేను రావాలంటున్నా."

"నేను రావొద్దన్నానా?"

"గీత గీసింది మీరేగా. మీ నాన్న ఊ అంటే రేపే కెప్టెన్‌వి అని మా పైవాళ్ళు మొహం మీదే అంటున్నారు."

వియ్యంకుడు కంచంలో అన్నం అలాగే వదిలేసి లేచాడు. "కూర్చోండి మావయ్యగారూ," అని మా అమ్మాయి బతిమాలినా వినలేదు. చేయి కడుక్కుని బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడ మనవరాలు తోకకు టాటా చెబుతోంది. ఆయన చాలాసేపు లోపలికి రాలేదు. 

ఇక్కడిదాకా రాసి పక్కన పెట్టాను, ఈలోగా పోయిన నెల ఒప్పందం కుదిరింది. వియ్యంకుడే పట్టుబట్టి కమిటీని ఒప్పించాడు. కారణం ఆయన చెప్పలేదు, ఆ టాటాయే అని నా అనుమానం. ఈ ఒక్క రకం విమానానికి బరువు సడలించారు. బదులుగా కంపెనీ వాళ్ళు పెద్ద కంపెనీ పైలట్ల జీతాల పెంపులో కోత పెట్టారు. ఆయన దానికీ తలూపాడు. అల్లుడు సామాను సర్దుకుని వచ్చేశాడు. మా ఆవిడ గది ఖాళీ చేసి కర్టెన్లు కూడా మార్చింది.

రెండు రోజులకు ఎర్ర తొడుగులు తీశారు. అందరం బాల్కనీలో చేరాం, వియ్యంకుడితో సహా. విమానం మెల్లగా కదిలి, రన్‌వే మీద పరుగెత్తి, లేచిపోయింది. మనవరాలు టాటా చెప్పింది. అప్పుడు నాకు తట్టింది, అల్లుడు నా పక్కనే ఉన్నాడని.

"మరి నడుపుతున్నదెవరు?" అన్నాను.

అల్లుడు ఫోన్ చూసి చెప్పాడు. కంపెనీ వాళ్ళు ఇంకో కంపెనీ పెట్టారట. పిల్ల కంపెనీకి పిల్ల అనుకోండి. ఈ విమానమూ, ఫ్యాక్టరీలో ఆగిన ఆర్డరూ మొత్తం దానికే. అక్కడి పైలట్లకు మా అల్లుడి జీతంలో సగం. కావాలంటే మా అల్లుడు కూడా కొత్తవాడిలా కిందనుంచి చేరొచ్చట. విమానం ఎంత బరువుండాలో గీత గీశారు కానీ, కంపెనీలు ఎన్ని పెట్టుకోవచ్చో ఎవరూ గీత గీయలేదు మరి.



"మీవాడు కెప్టెన్ కావాలంటే సంతకం పెట్టండి అన్నారురా నాతో," అన్నాడు వియ్యంకుడు, ఖాళీ అయిన ఆ చోటు వంకే చూస్తూ.

"నాతో మీరే అడ్డమన్నారు నాన్నా."

"మీ పైలట్ల మీటింగ్ ఎప్పుడు?"

"గురువారం."

"నేనూ వస్తా. మావాళ్ళని కూడా తీసుకొస్తా. ఆ మూడో కంపెనీ కుర్రాళ్ళ నంబర్లు ఎవరి దగ్గరైనా ఉన్నాయేమో కనుక్కో."

భోజనాల దగ్గర ఆయన ఉప్పు నన్ను అడగలేదు. నేరుగా కొడుకునే అడిగాడు.

ఇందుకే నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది! ఆ విమానం నేల మీద ఉన్నన్నాళ్ళూ కంపెనీ పెద్దలు హాయిగా ఉన్నారు. తండ్రి కొడుకును చూసి పళ్ళు కొరికాడు, కొడుకు తండ్రిని చూసి కొరికాడు. వాళ్ళ ఆఫీసు వైపు ఒక్కడైనా తలెత్తి చూశాడా? అంత చక్కని విమానాన్ని ఎవరైనా ఎగరేసుకుంటారా? ఇప్పుడు ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారు.