బస్సు దిగిన భిన్నాలు

ఆ ఏడాది పాఠ్యపుస్తకాలు అచ్చు కాలేదు కాబట్టి పాఠాలనే నేరుగా బస్సెక్కించి బడులకు పంపారు. మొగలిగెడ్డ హైస్కూలుకు రావలసిన ఆరో తరగతి గణితం మధ్యాహ్నం బస్సులో దిగింది. హెడ్‌మాస్టర్ భాస్కర పట్నాయక్ గేటు దగ్గరే కుర్చీ వేయించుకుని, ఒక్కొక్క పాఠం చేత సంతకం పెట్టించుకుని లోపలికి వదిలాడు. రుణసంఖ్యలనే పెద్దమనిషి వెనక్కి నడుస్తూ వచ్చాడు. సమాంతర రేఖలు అన్నదమ్ములట, బస్సులో చెరో పక్క కూర్చుని వచ్చారు, గేటులోంచి కూడా చెరో పక్క నుంచే నడిచారు. అందరికంటే ఆఖర్న ఐదో పాఠం భిన్నాలు దిగింది. యాభై దాటిన మనిషి. ముదురాకుపచ్చ నేతచీర, భుజానికి ఒక గుడ్డసంచీ.

"మీ పేజీలెన్ని?" అడిగాడు పట్నాయక్, ఉత్తర్వు చూసుకుంటూ.

"పద్దెనిమిది ఇచ్చారండి. అందులోనే సర్దుకుంటాను."

"వాటి బయటికి వెళ్ళకూడదు. తెలుసు కదా?"

"తెలుసండి," అందామె.

ఉత్తర్వులో మిగతా సంగతులన్నీ వివరంగానే ఉన్నాయి. పాఠాలకు బస పిల్లల ఇళ్ళల్లో, ఒక్కొక్కరింట్లో కొన్నాళ్ళు. హాజరుపట్టీ విడిగా ఉండాలి. పాఠానికి జ్వరం వస్తే ఆ రోజు పునశ్చరణ చేయించాలి. ఊళ్ళో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. పుస్తకాలు సమయానికి వచ్చి ఉంటే ఆశ్చర్యపోయేవాళ్ళేమో.

లెక్కల మాస్టారు తవిటినాయుడు మాత్రం కంగారుపడ్డాడు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆయన గైడు చూసి బోర్డు మీద రాసేవాడు, పిల్లలు బోర్డు చూసి నోట్సులో రాసుకునేవాళ్ళు. ఈ పద్ధతి వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. లెక్కలు రాకపోవడం అనేది ఆ ఊళ్ళో ఎప్పుడూ ఇబ్బందిగా లెక్కకు రాలేదు. ఇప్పుడు పాఠమే వచ్చి బల్ల పక్కన నిలబడేసరికి ఏం చెయ్యాలో తోచక, "ఊఁ, రాసుకోండి," అన్నాడు. పిల్లలు ఆమెనే రాసుకున్నారు. చీర రంగు, చెవి కింద పుట్టుమచ్చ, చెప్పు తెగి పిన్నీసు పెట్టుకున్న సంగతి. భిన్నాలు ఒకరి నోట్సు తీసి చూసుకుని నవ్వింది.

తరువాత సంచీలోంచి ఒక దోసకాయ, చాకు తీసింది. "సమానంగా పంచాలంటే ఏం చెయ్యాలి? అసలు సమానం అంటే ఏంటి?"

ఆఖరి బెంచీలో పైడితల్లి అని ఒక పిల్ల ఉంది. వాళ్ళ నాన్న అప్పలసూరి ఇసుక ట్రాక్టరు మీద కూలి. బడిలో చేరినప్పటి నుంచీ ఆ పిల్ల గొంతు మాస్టార్లెవరూ సరిగ్గా విన్లేదు. ఆ రోజు ఎందుకో నోరు విప్పింది.

"సమానం అంటే అందరూ ఊరుకున్నంతండి."

భిన్నాలు చాకు కింద పెట్టి కాసేపు ఆ పిల్లనే చూసింది. "ఇది నా పద్దెనిమిది పేజీల్లో లేదు," అంది మెల్లగా. "మీ ఇంటికి నేనెప్పుడు రావాలి?"

అలా మొదలైంది. పిల్లలు ఆమెను భిన్నాలమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. పొద్దున్నే బావి దగ్గర బిందెలో ఎంత నీళ్ళున్నాయో చూసి నాలుగింట మూడు వంతులని చెప్పేవారు. మూడో వంతు ఎక్కువా, నాలుగో వంతు ఎక్కువా అని ఒకప్పుడు ఏడ్చిన పిల్లలే, జీడిపప్పు చెక్క విరిచేటప్పుడు నాలుగో మనిషి రాకుండా తలుపు వేసుకునేవారు. తవిటినాయుడు గైడు ఇంట్లోనే మరిచిపోయి వస్తున్నాడు. మొదట్లో నిజంగానే మరిచిపోయాడు. తరువాత కావాలనే. క్లాసులో వెనక బెంచీలో కూర్చుని వినేవాడు. ఒకరోజు స్టాఫ్ రూములో చాయ్ తాగుతూ, "హారం పెరుగుతుంటే విలువ తగ్గుతుందని ఇన్నాళ్ళూ చెప్పాను గానీ, అది జాలిగా ఉంటుందని నాకు తెలీలేదండీ," అన్నాడు పట్నాయక్‌తో. పట్నాయక్ బిస్కెట్ సగం విరిచి ఆయనకిచ్చాడు.

ఆగస్టులో భిన్నాలమ్మ పైడితల్లి ఇంటికి బసకు వెళ్ళింది. ఆ సాయంత్రం చేపల పులుసు. తలకాయ అప్పలసూరికి, నడిమి ముక్క పైడితల్లి అన్న పెద్దాడికి, అతిథి కాబట్టి మరో మంచి ముక్క భిన్నాలమ్మకి, తోక పైడితల్లికి. తల్లి గౌరమ్మ పొయ్యి దగ్గరే కూర్చుని దాక అడుగున మిగిలిన పులుసులో అన్నం కలుపుకుంది. పైడితల్లి ఆ పళ్ళేలన్నీ ఒక్కొక్కటే చూసింది. రోజూ చూసేదే. ఆ రోజు లెక్కపెట్టింది.

"అమ్మా, నీ వంతేదే?"

"నాకేటి వంతే? నాను వండినదాన్ని."

"ఐదుగురం ఉన్నాం. కింద ఐదు. పైన నీకు సున్నా వచ్చింది."

"సున్నా కూడా లవంలో ఉండొచ్చు," అంది భిన్నాలమ్మ నేల చూస్తూ. "లెక్క ప్రకారం తప్పు లేదు."

అప్పలసూరి చెయ్యి కడుక్కోబోతూ ఆగిపోయాడు. కోపం వస్తుందేమోనని పైడితల్లి బిగుసుకుంది. అతను చెయ్యి కడుక్కుని లేచాడు. మర్నాడు సాయంత్రం తన ముక్కలోంచి సగం తుంపి భార్య పళ్ళెంలో వేసి, ఎవరి మొహమూ చూడకుండా బీడీ వెలిగించుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. గౌరమ్మ ఆ ముక్క వంక చూస్తూ కూర్చుంది. అందరూ తననే చూస్తుంటే తినలేకపోయింది. "ఏటిది, నాకు సిగ్గేస్తంది," అని పళ్ళెం మీద మూత పెట్టింది. పొద్దున్న ఆ ముక్క పెద్దాడి చద్దన్నంలో కనిపించింది.

పైడితల్లి బడికి వెళ్ళేదాకా ఆపుకుని, క్లాసులో బావురుమంది. "ఇచ్చినా తీసుకోవడం రాపోతే ఏ లెక్క చెయ్యాలండి?"

భిన్నాలమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసింది. "కష్టమైన లెక్కమ్మా అది. ఒక్క రోజులో తేలదు. మళ్ళీ వెయ్యాలి, మళ్ళీ చూడాలి." ఆ రోజు క్లాసు గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఒక్కొక్కరూ ఇంట్లో ఎవరు ఆఖర్న తింటారో చెప్పారు. తవిటినాయుడు కూడా చెప్పాడు. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

సెప్టెంబరులో తనిఖీ అధికారి వచ్చాడు. మంచివాడనే పేరుంది. పిల్లలు చక్కగా లెక్కలు చేస్తుంటే చూసి సంతోషించాడు. తరువాత నియమం ప్రకారం ఒక నిర్వచనం అడగాలి కాబట్టి పైడితల్లిని లేపి, "భిన్నం అంటే ఏమిటి?" అన్నాడు.

"మా అమ్మండి."

అధికారి నవ్వలేదు. పక్కకు తీసుకెళ్ళి సంగతేమిటో అడిగాడు. ఆ పిల్ల చెప్పిందంతా నిలబడి విన్నాడు. తిరిగొచ్చి పట్నాయక్‌తో, "నాకు అర్థమైంది మాస్టారూ. అందుకే ఇబ్బంది. ఈ సమాధానానికి మార్కులెన్నో నేను చెప్పలేను. జిల్లాలో ప్రతి పిల్లా వాళ్ళమ్మ పేరు చెప్తే పేపర్లెవరు దిద్దుతారు?" అన్నాడు. నివేదికలో 'బోధన హృద్యం, సమాధానం వ్యక్తిగతం' అని రాసి, చాయ్ వద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

దసరా సెలవులయ్యాక పుస్తకాలు వచ్చాయి. వాటితోపాటే ఉత్తర్వూ వచ్చింది. పాఠాలన్నీ సాయంత్రంలోగా ఎవరి పేజీల్లోకి వారు వెళ్ళి పడుకోవాలి. చదునుగా ఉన్నదీ లేనిదీ హెడ్‌మాస్టర్ ధ్రువీకరించాలి. ఆ తరువాత బయట తిరిగే పాఠాన్ని అనధికార పరిజ్ఞానంగా పరిగణిస్తారు.

స్టాఫ్ రూములో బల్ల మీద పుస్తకం తెరిచి పెట్టారు. రుణసంఖ్యలు వెనక్కి వెనక్కి నడిచి తన అధ్యాయంలో పడ్డాడు. సమాంతర రేఖలు ఒకరికొకరు తగలకుండా పడుకున్నారు. చూస్తే చాలా సులువైన పనిలాగే ఉంది. తవిటినాయుడు భిన్నాలమ్మను వరండాలోకి పిలిచాడు.

"మీరు వంటగదిలోకి వెళ్ళిపోండి. మధ్యాహ్నం భోజనం వండే ఆడవాళ్ళలో ఒకరని చెప్తాను. పట్నాయక్ గారు ఏమీ అనరు. నేనడిగాను."

పట్నాయక్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అవునన్నట్టు తల ఊపాడు. ఉద్యోగంలో ఆయన నియమం మీరబోవడం అదే మొదటిసారి, ఆ సంగతి ఆయన మొహంలో తెలుస్తోంది.

"వద్దు మాస్టారూ," అంది భిన్నాలమ్మ. "నాకూ అలసటగా ఉంది. మీ పిల్లలు అడిగేవాటికి నాలో జవాబులు లేవు. పడుకున్న పాఠాన్ని ఎవరూ ఏమీ అడగరు. చదువుతారంతే."

"పైడితల్లికి ఏం చెప్పను?"

"నేను పుస్తకంలోనే ఉన్నానని చెప్పండి. అబద్ధం కాదు కదా."

చెప్పులు విడిచి బల్లెక్కి, ఐదో పాఠం దగ్గర పక్కకు తిరిగి పడుకుంది. పట్నాయక్ వెల్లకిలా పడుకోమని మెల్లగా చెప్పాడు. చెప్పినట్టే తిరిగింది. పేజీలు మూశారు. చీర చెంగు మార్జిను దాటి బయటికి కనిపిస్తుంటే అటెండరు కత్తెర తెచ్చి సరిచేశాడు. పట్నాయక్ ధ్రువీకరణ మీద సంతకం చేసి, చాలాసేపు ఆ కలానికి మూత పెట్టలేదు.

మర్నాడు పైడితల్లి పుస్తకం తెరిచి ఐదో పాఠంలో అటూ ఇటూ వెతికింది. బొమ్మలో ఒక వృత్తం నాలుగు భాగాలుగా ఉంది, ఒక భాగానికి ఆకుపచ్చ రంగు వేసి ఉంది. ఆ రంగు మీద వేలితో రుద్దింది. కాగితమే. "భిన్నాలమ్మా," అని పిలిచింది. పక్కపిల్లలు నవ్వలేదు, వాళ్ళూ తమ పుస్తకాల్లోకి వంగి పిలిచారు. తవిటినాయుడు బోర్డువైపు తిరిగి నిర్వచనం రాయసాగాడు. 'ఒక మొత్తంలోని సమాన భాగాలను సూచించే సంఖ్య.' పిల్లలు మళ్ళీ పిలుస్తారేమోనని, బోర్డు నిండేదాకా వెనక్కి తిరగలేదు.

ఎవరో ఒకరు చెయ్యెత్తి, "మాస్టారూ, ఇందులో పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళని కలపాలాండి?" అని అడిగారు.

"ప్రశ్నలో ఎవరున్నారో వాళ్ళనే లెక్కపెట్టాలి," అన్నాడు తవిటినాయుడు. ఇంకేమైనా అనాలనుకున్నాడు. పరీక్షలు దగ్గరకొచ్చేశాయి.

పైడితల్లి తెలివైన పిల్ల. ఎలా రాస్తే సరిపోతుందో తొందరగానే పట్టుకుంది. అర్ధ సంవత్సర పరీక్షలో లెక్కల్లో మండలంలోనే మొదట వచ్చింది. అధికారి స్వయంగా వచ్చి బడి ఆవరణలో సన్మానం పెట్టించాడు. అప్పలసూరిని, పెద్దాడిని వేదిక మీదికి పిలిచారు. ఇద్దరికీ ఏం చెయ్యాలో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డారు. గౌరమ్మ ఉతికిన చీర కట్టుకుని బడికి రావడం అదే మొదటిసారి. ఎవరూ పైకి రమ్మనలేదు. మిఠాయి పళ్ళెం పట్టుకోవడానికి ఒక మనిషి కావాలంటే ముందుకొచ్చి మెట్ల కింద నిలబడింది.

పెద్ద బందరు లడ్డూ ఒకటి, ప్రత్యేకంగా చేయించింది, పైడితల్లి చేతిలో పెట్టారు. "ఏదమ్మా, నీ లెక్క మాక్కూడా చూపించు," అన్నాడు అధికారి మైకులో. "వేదిక మీద ఉన్నవాళ్ళందరికీ సమాన భాగాలు చెయ్యి."

పైడితల్లి వేదిక మీద ఉన్నవాళ్ళను కళ్ళతోనే లెక్కపెట్టింది. అధికారి, హెడ్‌మాస్టర్, మాస్టారు, నాన్న, అన్న, తను. చాకు అడిగి తీసుకుంది. చెయ్యి ఎక్కడా తడబడలేదు. ఆరు ముక్కలూ అచ్చు గుద్దినట్టు ఒక్కలా వచ్చాయి. కాస్త పొడి కూడా రాలలేదు. ఆవరణంతా చప్పట్లు మోగాయి. మెట్ల కింద గౌరమ్మ ఖాళీ పళ్ళేన్ని చంకలో ఇరికించుకుని, కూతురి వంకే చూస్తూ, అందరికంటే గట్టిగా కొట్టింది.

అధికారి ఆనందంగా తన ముక్క తీసుకున్నాడు. పట్నాయక్ తన ముక్క వంక చూసి, మెట్ల కిందికి చూసి, మళ్ళీ ముక్క వంక చూశాడు. ఫొటోగ్రాఫరు అందరినీ దగ్గరగా జరగమన్నాడు. తవిటినాయుడు తన ముక్కను కాసేపు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. తరువాత నోట్లో వేసుకున్నాడు. తియ్యగానే ఉంది.